వెళ్లగొట్టిన పాపానికి

మనిషి ఒంట్లో కొలెస్టెరాల్‌ను కాల్చి బూడిద చేయగల కణం ఒక్కటీ లేదు. చక్కెరను కాల్చుకుంటాం, కొవ్వును కాల్చుకుంటాం, మాంసకృత్తులను ముక్కలు చేసి మిగిలినదాన్ని మూత్రంలో పంపేస్తాం. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న ఆ స్టెరాల్ చట్రాన్ని మాత్రం విరగ్గొట్టలేం. బయటికి పంపాల్సిందే. పంపడానికి ఉన్న పెద్ద దారి కాలేయం నుంచి పైత్యరసంలోకి, అక్కడి నుంచి పేగులోకి.

ఈ గాథలో నాయకత్వం ఆ కాలేయానిది. పతనమూ దానిదే. దాచుకుని చెడలేదు, పని ఎగ్గొట్టి చెడలేదు. వెళ్లగొట్టాల్సినదాన్ని వెళ్లగొడుతూ, ఆ వెళ్లగొట్టడంలోనే చెడింది. పిత్తాశయంలో రాళ్ల గురించి చదివిన ప్రతిసారీ నన్ను కలచివేసేది ఈ సంగతే. జబ్బు అనగానే ఒంట్లో ఎవరో తప్పు చేశారనుకుంటాం. ఇక్కడ తప్పు చేసినవాళ్లు కనబడరు.

ముందు ఆ మంచి రోజుల సంగతి చెప్పుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం రోజుకు ముప్పావు లీటరుకు అటూ ఇటూగా పైత్యరసం ఊరిస్తుంది. అందులో దాదాపు గ్రాము కొలెస్టెరాల్ పోతుంది. నీళ్లలో కరగని పదార్థాన్ని నీళ్ల దారిలో పంపడం మామూలు పని కాదు. దానికి కాలేయం పట్టుకున్న ఉపాయం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొలెస్టెరాల్‌నే కొంత తీసుకుని, దాని రూపు మార్చి పైత్య లవణాలు తయారు చేస్తుంది. బట్టల జిడ్డును సబ్బు పట్టుకుపోయినట్టు ఆ లవణాలు మిగతా కొలెస్టెరాల్‌ను పట్టుకుపోతాయి. అంటే కొలెస్టెరాల్‌ను మోసుకుపోయేది కూడా కొలెస్టెరాల్ నుంచి పుట్టిందే.

ఆ లవణాలు ఒంట్లో మొత్తం కలిపి రెండు నుంచి నాలుగు గ్రాములే. అవే రోజుకు ఆరు నుంచి పదిసార్లు తిరుగుతాయి. కాలేయం నుంచి పేగుకు, పేగు చివరి నుంచి రక్తంలోకి, మళ్లీ కాలేయానికి. తిప్పుతిప్పుకూ వందలో తొంభై అయిదు పాళ్లకు పైగా తిరిగొస్తాయి. రోజు గడిచేసరికి మలంతో పోయేది అర గ్రాము. ఆ అర గ్రామును కాలేయం ఏ రోజుకారోజు కొత్తగా చేసుకుంటుంది. ఎంత చేయాలో చెప్పే కాపలా కూడా ఉంది. లవణాలు సరిపడా తిరిగొచ్చాయని ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకం గుర్తుపడితే, కొత్త తయారీని మొదలుపెట్టే సీవైపీ7ఏ1 ఎంజైము నెమ్మదిస్తుంది. పేగు చివరి నుంచి ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోను వచ్చి అదే మాట చెబుతుంది.

లవణాలు ఒక్కటే అయితే ప్రమాదం. జిడ్డును కడిగేవి పైత్యనాళాల గోడలనూ కడిగేస్తాయి. అందుకని కాలేయం మూడో తోడును కలిపింది, ఫాస్ఫోలిపిడ్‌ను. ఏబీసీబీ4 అనే ప్రోటీను దాన్ని పైత్యరసం వైపు తిప్పి ఇస్తుంది. పుట్టుకతోనే ఈ ప్రోటీను చెడిపోయిన పసిపిల్లల్లో పైత్యరసమే వాళ్ల కాలేయాన్ని తినేస్తుంది. లవణాలను ఏబీసీబీ11 బయటికి పంపుతుంది. కొలెస్టెరాల్‌ను పంపేవి ఏబీసీజీ5, ఏబీసీజీ8. ఈ రెండూ ఒకటి లేకుండా ఇంకొకటి పని చేయవు. కణంలో కొలెస్టెరాల్ పెరిగితే దాని నుంచి పుట్టే ఆక్సీస్టెరాల్స్ ఎల్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని తట్టి లేపుతాయి. అది ఈ జంటను ఇంకా తయారు చేయిస్తుంది. ఎక్కువైతే ఎక్కువ పంపమని ఆజ్ఞ. ఈ ఆజ్ఞను గుర్తుపెట్టుకోండి. కథ చెడేది ఇక్కడే.

ఈ జంట 2000 సంవత్సరంలో బయటపడింది. మొక్కల స్టెరాల్స్ ఒంట్లో పేరుకుపోయే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు మూలాన్ని వెతుకుతుంటే అమెరికాలోని డల్లాస్‌లో హెలెన్ హాబ్స్ బృందానికి ఈ జన్యువులు దొరికాయి. రెండేళ్లకు అదే చోట ఎలుకల్లో వీటిని తీసేసి చూస్తే పైత్యరసంలో కొలెస్టెరాల్ దాదాపు అడుగంటింది. ఎక్కువగా పెడితే పొంగిపొర్లింది.

మంచి కాలంలో ఈ మూడింటి లెక్క ఇలా ఉంటుంది. పిత్తాశయంలో చిక్కబడిన పైత్యరసంలోని ఘనపదార్థం నూరు పాళ్లనుకుంటే లవణాలు డెబ్బై, ఫాస్ఫోలిపిడ్ ఇరవై రెండు, కొలెస్టెరాల్ నాలుగు. ఆ నాలుగు ఏడో ఎనిమిదో అయి, మోసేవాళ్లు అంతమందే ఉంటే ఏమవుతుందో 1968లో విలియం అడ్మిరాండ్, డొనాల్డ్ స్మాల్ ఒక త్రికోణం గీసి చూపించారు. మూడు భుజాలకు మూడు పదార్థాలు. ఒక గీత లోపల ఉన్నంతవరకు కొలెస్టెరాల్ కరిగి ఉంటుంది. గీత దాటితే కరగదు. వైద్యశాస్త్రంలో నేను చూసిన బొమ్మల్లో ఇంత చిన్నది, ఇంత నిర్దయగా ఉన్నది ఇంకొకటి లేదు.

అసలు లోకానికి కొలెస్టెరాల్ మొదట పరిచయమైంది రక్తంలో కాదు, ఇలాంటి రాళ్లలోనే. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పులెతియే ద లా సాల్ దాన్ని పిత్తాశయ రాళ్ల నుంచే తీశాడు. పతనం ముందు కనబడింది, వైభవం తర్వాత తెలిసింది.

ఇక మన నేలకు వద్దాం. స్మాల్ త్రికోణం గీసిన ఆ 1968లోనే మన దేశంలో ఎస్. ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు ఒక పరిశీలన ప్రచురించాడు. రైల్వే కార్మికుల్లో పిత్తాశయ రాళ్లు దక్షిణాది కంటే ఉత్తరాదిన ఏడింతలు ఎక్కువని తేల్చాడు. ఢిల్లీ నుంచి దక్షిణానికి దిగే పెద్ద లైను మన రామగుండం, పెద్దపల్లి మీదుగానే పోతుంది. ఆ లైనుకు ఉత్తరపు కొసన ఉన్నవాళ్లకు అంతగా ఉన్న జబ్బు దక్షిణాన అంత తక్కువ. దక్షిణాదిలో దొరికే రాళ్లలో కూడా నల్లటివి, గోధుమరంగువి ఎక్కువని మన వైద్యులు చాలాకాలంగా రాస్తూ వచ్చారు. వాటి కథ బిలిరుబిన్‌ది, వేరు. నేను చెబుతున్నది కొలెస్టెరాల్ రాళ్ల గురించి.

ఆ నాటి కరీంనగర్ జిల్లా కంచంలో ఏముండేది? జొన్న గట్క, మక్క గట్క, అంబలి, పప్పుచారు, తొక్కు. వరి తిన్న రోజు పండుగ. పోచంపాడు నుంచి కాకతీయ కాలువ నీళ్లొచ్చాయి. మెట్ట చేలు మడికట్లయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ నీళ్లను, ఆ బియ్యాన్ని నేను ఒక్క మాట కూడా అనలేను. కరువు చూసిన ఇంట్లో పుట్టినవాళ్లెవరూ అనలేరు. కానీ మూడు పూటలా తెల్లన్నం, ఒంటికి కదలిక తక్కువ అయినచోట ఇన్సులిన్ మాట కాలేయం వినడం తగ్గుతుంది. ఆ వినకపోవడం పైత్యరసం దాకా పాకుతుంది.

ఇక్కడ ఒక తల్లిని కథలోకి తీసుకురావాలి. ఆమెకు పేరు పెట్టను. ఆమె ఒక్క మనిషి కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఊళ్లలో బీడీలు చుట్టే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఆ గడపల్లో జరిగేదాన్ని ఒకచోట కూర్చి ఒక తల్లిగా చెబుతున్నాను.

ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం కోసిన తునికాకు, తంబాకు కార్ఖానా నుంచి ఆమె ఇంటికొస్తాయి. పొద్దున్నే ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూచుంటుంది. చుట్టిన వెయ్యికే కూలి. లేచి తిరిగితే లెక్క తగ్గుతుంది. అందుకే పొద్దున చాయ తాగి కూచుంటే పగటి బువ్వ మూడింటికో నాలుగింటికో. సోమవారం వేములవాడ రాజన్నకు ఒక్కపొద్దు, మంగళవారం కొండగట్టు అంజన్నకు ఇంకో ఒక్కపొద్దు. కొడుకు దుబాయ్ పోయినప్పటి నుంచి ఆ మొక్కులు పెరిగాయి. ఆ ఒక్కపొద్దుల్లో ఉన్న ప్రేమను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అవి ఎందుకు పట్టిందో తెలిసినవాళ్లకు అసలే లేదు.

ఆమె ఒంట్లో మొదటి దెబ్బ పిల్లలు పుట్టిన రోజుల్లోనే తగిలింది. కడుపుతో ఉన్నప్పుడు పెరిగే ఈస్ట్రోజెన్ కాలేయం చేత కొలెస్టెరాల్‌ను పైత్యరసంలోకి ఎక్కువగా తోయిస్తుంది. ప్రొజెస్టెరాన్ పిత్తాశయం కండరాన్ని సడలిస్తుంది. తోసేది ఎక్కువ, కదిలేది తక్కువ. చాలామంది తల్లుల్లో అప్పుడు చేరిన బురద కాన్పు తర్వాత తనంతట తానే పోతుంది. అందరిలో పోదు. ముగ్గురో నలుగురో పిల్లలను కన్న ఒంట్లో ఈ పరీక్ష అన్నిసార్లు జరిగింది.

రెండో దెబ్బ షుగరుది. 2008లో బోస్టన్‌లోని సుధా బిడింగర్, రోనాల్డ్ కాన్ బృందం కాలేయం మాత్రమే ఇన్సులిన్ మాట వినని ఎలుకలను తయారు చేసి చూశారు. మామూలుగా ఫాక్సో1 అనే ప్రోటీనును ఇన్సులిన్ అదుపులో పెడుతుంది. ఆ అదుపు పోగానే ఫాక్సో1 విడిపడి, నేను ముందు చెప్పిన ఏబీసీజీ5, ఏబీసీజీ8 జంటను పెంచేసింది. కొలెస్టెరాల్ మునుపటికంటే జోరుగా పైత్యరసంలోకి పోయింది. పైగా లవణాల తయారీలో ఒక భాగం కుంటుపడింది. మోయాల్సింది పెరిగింది, మోసేవాళ్లు తగ్గారు. ఆ ఎలుకలకు రాళ్లు వచ్చాయి. ఒళ్లు పెరిగినవాళ్లకు, షుగరున్నవాళ్లకు ఈ రాళ్లు ఎందుకు ఎక్కువో ఆ ప్రయోగంతో చాలావరకు తెలిసింది.

కొందరికి పుట్టుకతోనే ఈ జంట చురుకు ఎక్కువ. ఏబీసీజీ8లో ఒక్క అక్షరం మారినవాళ్లకు రాళ్ల ముప్పు పెరుగుతుందని 2007లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అంటే మిగతావాళ్ల కంటే బాగా వెళ్లగొట్టే కాలేయం ఉన్నవాళ్లకే ఈ కష్టం. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

మూడో దెబ్బ ఆమె ఆలస్యపు బువ్వది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు లవణాలు పిత్తాశయంలో ఆగిపోతాయి, తిరగవు. తిరగకపోతే కాలేయానికి కొత్తగా అందవు. లవణాల ప్రవాహం బాగా తగ్గుతుంది. కొలెస్టెరాల్ తోయడం మాత్రం అంతగా తగ్గదు. అందుకే రాత్రంతా తినకుండా ఉన్న మనిషి పైత్యరసం పొద్దుటికి గీతకు దగ్గరగా వస్తుంది, కొందరిలో దాటుతుంది. మనం పొద్దున తిన్న ముద్దతో పేగు నుంచి కోలీసిస్టోకైనిన్ వచ్చి పిత్తాశయాన్ని పిండుతుంది. పాత సరుకు పోతుంది. ఆమె ఒంట్లో ఆ ముద్ద మధ్యాహ్నం దాటాక గానీ రాదు. ఏళ్ల తరబడి రాలేదు.

గీత దాటిన పైత్యరసంలో జరిగేది కంటికి కనబడదు. ఫాస్ఫోలిపిడ్ బుడగల్లో ఇరుక్కున్న కొలెస్టెరాల్ ఒకదానికొకటి అంటుకుంటుంది. స్ఫటికం పుడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే పల్చటి పలక, ఒక మూల చెక్కేసినట్టు. పిత్తాశయం గోడ తనను తాను కాపాడుకోవాలని జిగురు ఊరిస్తుంది. ఆ జిగురే స్ఫటికాలను పట్టి ఉంచుతుంది. కొంత కొలెస్టెరాల్‌ను గోడ పీల్చుకుంటుంది. పీల్చుకున్న కండరం మొద్దుబారి పిండడం తగ్గిస్తుంది. ప్రతి అవయవం రక్షించబోయి ఇంకొంచెం ముంచుతుంది. ఏడాదికి రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా రాయి ఎదుగుతుంది.

రాళ్లున్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం నొప్పి రాదు, వాళ్లను కదపాల్సిన పనీ లేదు. నొప్పి వచ్చినవాళ్ల సంగతి వేరు. ఆమెకు పెండ్లి భోజనం తిన్న రాత్రి వచ్చింది. కుడి పక్కటెముకల కింద మొదలై, వీపులోకి, కుడి భుజంలోకి పోయింది. రెండు గంటలుండి తగ్గింది.

ఫోనులో కొడుకు అడిగాడు.

"అవ్వా, దవఖానకు పోయినవా?"

"ఏం లేదు బిడ్డా, గ్యాస్ పట్టింది. వాము నమిలిన, తగ్గింది. నువ్వు పైలం."

గ్యాస్ అనే ఈ ఒక్క మాట కింద మన ఊళ్లలో ఎన్ని జబ్బులు దాక్కుంటాయో. గ్యాస్ అర గంట, గంట కదలకుండా ఒకేచోట బిగించి పట్టదు. తేన్పు వస్తేనో, పక్కకు తిరిగితేనో సర్దుకుంటుంది. ఈ నొప్పి సర్దుకోదు. వచ్చిన మనిషి కూచోలేదు, పడుకోలేదు. పొట్ట స్కానింగు ఒక్కటి చేస్తే రాయి కనబడుతుంది. ఆమెకు ఆర్‌ఎంపీ సూది వేశాడు, తగ్గింది. తగ్గడమే ఆమెకు జరిగిన చెడు. రాయి దారికి అడ్డం తొలగి వెనక్కి జారితే నొప్పి తగ్గుతుంది. జబ్బు తగ్గినట్టు కాదు.

ఇక్కడ ఇంకో ఓటమి గురించి చెప్పాలి. శాస్త్రం ఓటమి అది, దానిలోనూ గొప్ప ఆశ ఉండింది. స్మాల్ త్రికోణం చూసినవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. లవణాలు తక్కువైతే కదా గీత దాటింది, లవణాలనే మందుగా ఇస్తే? 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి అలన్ హాఫ్‌మన్ తదితరులు ఏడుగురు స్త్రీలకు చీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం ఇచ్చిన ఫలితం ప్రచురించారు. నలుగురిలో రాళ్లు తగ్గాయి. కత్తి లేకుండా రాయి కరిగింది! ఆ కాగితం చదివిన రోజున వైద్యులకు ఎలా అనిపించిందో ఊహించగలను. తొమ్మిదేళ్లకు, 1981లో, 916 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. రోజుకు 750 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు మింగినవాళ్లలో రాళ్లు పూర్తిగా కరిగింది నూటికి పదమూడున్నర మందికి. కొందరి కాలేయం దెబ్బతింది. రక్తంలో చెడ్డ కొలెస్టెరాల్ పది శాతం దాకా పెరిగింది. ఎందుకంటే బయటి నుంచి వచ్చిన లవణాన్ని చూసి ఎఫ్‌ఎక్స్‌ఆర్ కాపలా సరిపోయిందనుకుని సీవైపీ7ఏ1ను ఆపించింది. లవణాల తయారీకి పోవాల్సిన కొలెస్టెరాల్ ఒంట్లోనే ఉండిపోయింది. తర్వాత వచ్చిన అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం మెత్తనిది, ఇవాళా కొందరికి ఇస్తారు. మందు ఆపిన అయిదేళ్లలో దాదాపు సగంమందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. కాలేయం మారలేదు మరి.

చివరికి గెలిచింది కత్తే. 1985 సెప్టెంబరులో జర్మనీలో ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రం గుండా పిత్తాశయాన్ని తీశాడు. తోటి సర్జన్లు ఆయన్ను వెక్కిరించారు. ఏళ్లు గడిచాక సన్మానించారు. 1990లో ఆ పద్ధతి ముంబైకి వచ్చింది. ఇవాళ కరీంనగర్‌లో అది రోజువారీ ఆపరేషన్. పొద్దున పోయినవాళ్లు రెండో రోజో మూడో రోజో ఇంటికొస్తారు. పిత్తాశయం పోయినా కాలేయం తన గ్రాము కొలెస్టెరాల్‌ను పేగులోకి నేరుగా పంపుతూనే ఉంటుంది. నిలవ ఉండే చోటు లేదు కాబట్టి రాయి కట్టడం బాగా తగ్గుతుంది.

ఆ ఆపరేషన్ బల్ల దాకా ఆమె పోలేదు. రెండోసారి నొప్పి వచ్చినప్పుడు స్కానింగు చేశారు, రాళ్లున్నాయన్నారు, తీయించుకోమన్నారు. కొడుకు వచ్చాక చూద్దామంది. ఆపరేషన్ అయితే పది రోజులు చాట పట్టలేనంది. పెద్ద రాళ్లు ఒక్కోసారి పిత్తాశయం మెడలో ఇరుక్కుని నొప్పి పెట్టి ఊరుకుంటాయి. చిన్నవాటిది వేరే దారి. నాలుగు మిల్లీమీటర్ల రాయి సన్నటి గొట్టంలో నుంచి జారింది. పైత్యనాళం, క్లోమనాళం రెండూ పేగులో కలిసే మూతి దగ్గర ఆగింది. క్లోమం రసం వెనక్కి తన్నింది. అన్నాన్ని అరిగించాల్సిన ఎంజైములు క్లోమాన్నే అరిగించడం మొదలుపెట్టాయి.

అర్ధరాత్రి 108 వచ్చింది. కరీంనగర్ పోయారు. ఇక్కడ కాదు హైదరాబాద్ తీసుకుపోండి అన్నారు. రాజీవ్ రహదారి మీద నూట అరవై కిలోమీటర్లు. క్లోమం వాపు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వారం రోజుల్లో లేచి తిరుగుతారు. తీవ్రంగా వచ్చిన కొద్దిమందిలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు వరుసగా చేతులెత్తేస్తాయి. ఆమె ఆ కొద్దిమందిలో పడింది. దుబాయ్ నుంచి కొడుకు శంషాబాద్‌లో దిగేసరికి మనిషి లేదు.

లెక్క ఒకటి వేశాను. రోజుకు గ్రాము చొప్పున ముప్పై ఏళ్లలో ఆమె కాలేయం పది కిలోలకు పైగా కొలెస్టెరాల్‌ను పైత్యరసంలోకి తోసింది. కాన్పుల్లో తోసింది, ఒక్కపొద్దుల్లో తోసింది, షుగరు వచ్చాక ఇంకా జోరుగా తోసింది. నాలుగు మిల్లీమీటర్ల ఆ రాయి బరువు నలభై మిల్లీగ్రాములు కూడా ఉండదు. పంపిన పది కిలోల్లో దారిలో ఆగి, ఆ మూతికి అడ్డం పడింది అంతే.